ఎండాకు తెగులుకు చెట్ల మందు

దామరచర్ల మండలంలోని వాడపల్లి దగ్గర మూసీ నది వచ్చి కృష్ణలో కలుస్తుంది. అక్కడి నుంచి మిర్యాలగూడ వైపు వెళ్తూ ఉంటే రోడ్డుకు రెండు పక్కలా వరిపొలాలు, మధ్యమధ్య బియ్యం మిల్లుల పొగగొట్టాలు కనిపిస్తాయి. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలిన తరువాత ఎడమకాలువ కింద ఒకప్పటి చెలకలు మాగాణి భూములయ్యాయి. ఇక్కడి పిల్లలకు నారుమడి, నాట్లు, పిలకలు, పొట్టదశ అంటే ఏమిటో పుస్తకం చదివి తెలుసుకోవలసిన అవసరం లేదు.

ఈ ప్రాంతంలో రైతులు ఇష్టపడి వేసే వరిరకాల్లో సాంబ మసూరి ఒకటి. బాపట్ల పరిశోధనా కేంద్రంలో తయారై 1986లో విడుదలైన ఈ రకానికి బీపీటీ 5204 అని మరో పేరు. గింజ సన్నం, అన్నం రుచి, మార్కెట్లో ధర మంచిది. కాని దీనికి ఒక బలహీనత ఉంది. సెప్టెంబరులో ఒక రాత్రి గాలివాన కొట్టి వెలిసిందనుకోండి. వారం పది రోజుల తరువాత పొలం గట్టున నిలబడి చూస్తే ఆకుల కొసలు పసుపు పచ్చగా మారి ఉంటాయి. ఆ పసుపు ఆకు అంచుల వెంట అలలు అలలుగా కిందికి దిగుతుంది. తరువాత అది గడ్డి రంగుకు తిరిగి ఎండిపోతుంది. దూరం నుంచి చూస్తే ఎవరో పొలం మీద వేడినీళ్ళు చల్లినట్టు ఉంటుంది. దీన్నే బాక్టీరియా ఎండాకు తెగులు అంటారు. తీవ్రంగా వచ్చిన చోట దిగుబడి సగానికి పడిపోవచ్చు.

అప్పుడు రైతు ముందు రెండు సలహాలు నిలుస్తాయి. "దుకాణంలో పొడి తెచ్చి కొట్టు" అంటాడు ఒకడు. "వేప కషాయం కొట్టు, అన్నీ పోతాయి" అంటాడు మరొకడు. ఈ రెండింటిలో నిజమెంత? మొక్కలలో ఉండే సహజ రసాయనాలు సూక్ష్మజీవులను నిజంగా అణచగలవా? పరిశీలిద్దాం.

శత్రువు ఎవరు?

ఈ తెగులుకు కారణమైన బాక్టీరియా పేరు జాంథోమొనాస్ ఒరైజే. గ్రీకు భాషలో 'జాంథోస్' అంటే పసుపు పచ్చనిది. ప్రయోగశాలలో పెంచితే ఈ సూక్ష్మజీవులు పసుపు పచ్చని ముద్దలుగా పెరుగుతాయి కాబట్టి ఆ పేరు వచ్చింది. ఒక్కో బాక్టీరియా పొడవు ఒకటి రెండు మైక్రాన్లు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అంటే మీ స్కేలు మీద ఒక్క మిల్లీమీటరు గీతలో ఇవి ఐదారు వందలు వరసగా నిలబడగలవు.

జపానులో ఈ తెగులును 1884లోనే రైతులు గుర్తించారు. మన దేశంలో 1963లో బీహారు రాష్ట్రంలో ఇది పెద్దఎత్తున చెలరేగి పైర్లను నాశనం చేసింది. అప్పటి నుంచి శాస్త్రవేత్తలు దీని మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టారు.

ఇంత చిన్న జీవి ఆకులోకి ఎలా దూరుతుంది? తెల్లవారుజామున వరి ఆకుల కొసల మీద నీటిముత్యాలు మెరవడం మీరు చూసే ఉంటారు. అదంతా మంచు కాదు. వేళ్ళు పీల్చిన నీరు ఎక్కువైతే రాత్రిపూట ఆకు అంచుల్లోని సన్నని జలరంధ్రాల గుండా బయటికి వస్తుంది. దీన్ని బిందుస్రావం అంటారు. ఎండ ఎక్కేసరికి ఆ బిందువులో కొంత తిరిగి లోపలికి పోతుంది. ఆ నీటితో పాటే బాక్టీరియా లోపలికి ఈదుకుపోతుంది. అందుకే తెగులు ఎప్పుడూ కొసల నుంచి, అంచుల నుంచి మొదలవుతుంది. గాలివానకు ఆకులు ఒకదానితో ఒకటి రాసుకుని చిరిగితే ఆ గాయాలూ దానికి దారులే. నాటేటప్పుడు నారు కొసలు తుంచే అలవాటు కొన్ని చోట్ల ఉంది. తుంచిన ప్రతి కొసా ఒక తెరిచిన తలుపే.

లోపలికి వెళ్ళిన బాక్టీరియా దారువు అనే నీటిగొట్టాల్లో కాపురం పెడుతుంది. ఇక్కడొక చిక్కు ఉంది. దారువులో పారేది ఎక్కువగా నీరు, లవణాలు. తిండికి కావలసిన చక్కెర అక్కడ చాలా తక్కువ. బాక్టీరియా ఏం చేస్తుందో తెలుసా? దాని ఒంటి మీద సూదివంటి సన్నని గొట్టం ఉంటుంది. దాన్ని మొక్క కణంలోకి గుచ్చి కొన్ని ప్రోటీన్లను ఎక్కిస్తుంది. ఆ ప్రోటీన్లు కణ కేంద్రకంలోకి చేరి, చక్కెరను బయటికి పంపే జన్యువును పని చేయిస్తాయి. అంటే దొంగ మారుతాళం చెవితో వంటింటి తలుపు తెరిచినట్టన్నమాట. మొక్క తన చక్కెరను తానే శత్రువుకు వడ్డిస్తుంది. సంఖ్య పెరిగిన బాక్టీరియాలు, వాటి జిగురు కలిసి గొట్టాలను మూసేస్తాయి. నీరందక ఆకు ఎండిపోతుంది.

దుకాణంలో దొరికే పొడి

ఈ తెగులుకు మన దేశంలో చాలాకాలం వాడిన పొడిలో స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ అనే రెండు యాంటీబయాటిక్‌లు 9:1 పాళ్ళలో కలిసి ఉంటాయి. స్ట్రెప్టోమైసిన్‌ను 1943లో అమెరికాలో కనుక్కొన్నారు. క్షయరోగానికి పనిచేసిన మొదటి యాంటీబయాటిక్ అదే. మనుషుల ప్రాణం నిలిపే మందును పొలానికి చల్లితే తప్పేమిటి?

ఒక లెక్క వేద్దాం. ఒక బాక్టీరియా రెండు అవుతుంది, రెండు నాలుగవుతాయి. ఇలా పదిసార్లు రెట్టింపైతే 1,024. ఇరవైసార్లు రెట్టింపైతే పది లక్షలు దాటుతాయి. ఇన్నింటిలో అన్నీ ఒకేలా ఉండవు. ఎక్కడో ఒకదానిలో జన్యువు కాస్త మారి, మందు దాన్ని ఏమీ చేయలేకపోవచ్చు. మందు కొట్టగానే మిగిలినవన్నీ చచ్చి, ఆ ఒక్కటి ఖాళీ పొలంలో హాయిగా పెరుగుతుంది. మళ్ళీ మందు కొట్టేనాటికి పొలం నిండా దాని సంతతే ఉంటుంది. పైగా బాక్టీరియాలు ఇలాంటి జన్యువులను ఒకదానికొకటి అందించుకోగలవు. పొలంలోని మట్టిలో, కాలువ నీటిలో మందుకు లొంగని బాక్టీరియాలు పెరిగితే ఆ గుణం రేపు మనుషులకు జబ్బు చేసే బాక్టీరియాలకూ చేరవచ్చు. అప్పుడు ఆసుపత్రిలో ఆ మందు పనిచేయదు.

ఈ కారణంతోనే పంటల మీద ఈ రెండు యాంటీబయాటిక్‌ల వాడకాన్ని 2024 జనవరి 1 నుంచి ఆపాలని ప్రతిపాదిస్తూ కేంద్ర వ్యవసాయ శాఖ 2021 డిసెంబరులో ఒక ముసాయిదా ఉత్తర్వు ప్రకటించింది. దీనికి బదులు మరో దారి వెతకడం తప్పనిసరి అయింది.

మొక్కల మందులపెట్టె

మన ఒంట్లోకి సూక్ష్మజీవి వస్తే తెల్లరక్తకణాలు పరుగెత్తి వెళ్ళి పట్టుకుంటాయి. మొక్కకు రక్తం లేదు, పరుగెత్తే కణాలు లేవు. కాళ్ళు లేవు కాబట్టి పారిపోనూ లేదు. దానికున్న ఆయుధం రసాయనశాస్త్రం. కోట్ల సంవత్సరాలుగా మొక్కలు సూక్ష్మజీవులతో పోరాడుతూ వేలరకాల సమ్మేళనాలు తయారుచేసుకున్నాయి. కొన్ని ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. కొన్ని దాడి జరిగాకే తయారవుతాయి. ఇలా దాడి తరువాత పుట్టే రక్షక పదార్థాలు ఉంటాయని జర్మనీ శాస్త్రవేత్త ముల్లర్, ఆయన సహచరుడు 1940లో బంగాళాదుంపల మీద ప్రయోగాలు చేసి చెప్పారు. వాటికి 'ఫైటోఅలెక్సిన్లు' అని పేరు పెట్టారు. వరిలోనూ అలాంటివి ఉన్నాయి.

ఈ పదార్థాలు అన్నీ ఒకే రకంగా పనిచేయవు. ఒక్కోదాని పద్ధతి ఒక్కోటి.

మొదటి పద్ధతి, సూటిగా చంపడం. వెల్లుల్లి రెబ్బను చేతిలో పట్టుకుంటే పెద్దగా వాసన రాదు. దంచితే ఘాటు వస్తుంది. ఎందుకని? అల్లీన్ అనే పదార్థం ఒక గదిలో, దాన్ని మార్చే ఎంజైము వేరే గదిలో ఉంటాయి. దంచినప్పుడు గోడలు పగిలి రెండూ కలుస్తాయి. అప్పటికప్పుడు అల్లిసిన్ పుడుతుంది. 1944లో అమెరికాలో దీన్ని విడదీసి పరీక్షించారు. బాక్టీరియా ఎంజైముల్లో గంధకం ఉన్న భాగాలకు ఇది అతుక్కుని వాటి పనిని ఆపేస్తుంది. అలాగే వాములో ఘాటైన వాసననిచ్చే థైమాల్ అనే పదార్థం బాక్టీరియా పొరలోకి కరిగిపోయి దానికి చిల్లులు పెడుతుంది. లోపలి సారం బయటికి కారిపోతుంది.

రెండోది, ప్రోటీన్లను బిగించడం. కరక్కాయ నమిలితే నాలుక మొద్దుబారినట్టు, బిగుసుకున్నట్టు అనిపిస్తుంది. దానిలోని టానిన్లు మన లాలాజలంలోని ప్రోటీన్లకు అంటుకోవడమే దీనికి కారణం. తోళ్ళను పదును చేయడానికి కరక్కాయను వాడేదీ ఈ గుణం వల్లనే. బాక్టీరియా ప్రోటీన్లకూ టానిన్లు అదే గతి పట్టిస్తాయి.

మూడోది, మొక్కను మేల్కొలపడం. కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఉమ్మెత్త ఆకు రసం మీద పరిశోధించి 2004లో ఫలితాలు ప్రచురించారు. గ్రీన్‌హౌసులో పెంచిన వరి మొక్కల మీద ఈ రసం చల్లితే ఎండాకు తెగులు తగ్గింది. రసం బాక్టీరియాను అణచడమే కాకుండా, వరి తన సొంత రక్షక ఎంజైములను ఎక్కువగా తయారుచేసుకునేలా చేసింది. ఊళ్ళో దొంగలు పడకముందే దండోరా వేయిస్తే జనం కర్రలు పట్టుకుని సిద్ధంగా ఉంటారు కదా, అలాంటిదే ఇదీ. ఒక హెచ్చరిక! ఉమ్మెత్త మనుషులకు, పశువులకు విషం. దాన్ని దంచడం, రసం తీయడం పిల్లలు చేయవలసిన పని కాదు.

నాలుగోది, ఆయుధం లాక్కోవడం. బాక్టీరియా ఒంటి మీద సూదివంటి గొట్టం ఉందని చెప్పుకున్నాం. మొక్కల్లో సహజంగా ఉండే పారా కౌమారిక్ ఆమ్లం అనే చిన్న పదార్థం, కుళ్ళు తెగులు కలిగించే ఒక బాక్టీరియాలో ఆ గొట్టం తయారీని ఆపుతుందని అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం మిల్వాకీ శాఖ శాస్త్రవేత్తలు 2009లో చూపించారు. ఇది బాక్టీరియాను చంపదు, కోరలు మాత్రం పీకుతుంది. చంపే మందైతే లొంగని ఒక్కటే బతికి పొలాన్ని ఆక్రమిస్తుందని పైన లెక్క వేశాం. చంపని మందుకు అలాంటి ఎంపిక ఒత్తిడి తక్కువ. కాబట్టి నిరోధకత నెమ్మదిగా రావచ్చని శాస్త్రవేత్తల ఆశ.

ఐదోది, దారులు మూయడం. వేప విషయంలో ఇదే ముఖ్యం. మా తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి, "వేపలో అంత చేదు ఉంది కదా సార్, బాక్టీరియాకు చేదు తెలుస్తుందా?" అని అడిగింది. మంచి ప్రశ్న. బాక్టీరియాకు నాలుక లేదు. వేపగింజలోని అజాడిరక్టిన్ అనే పదార్థం ప్రధానంగా పురుగుల మీద పనిచేస్తుంది. పురుగు తిండి మానేస్తుంది, సరిగా కుబుసం విడవలేక చస్తుంది. మరి బాక్టీరియా తెగులుకు వేప ఎలా ఉపయోగం?

నల్గొండ జిల్లాలోని నిమ్మతోటలు చూడండి. నిమ్మకు గజ్జి తెగులు వస్తుంది. ఆకుల మీద, కాయల మీద గోధుమరంగు గరుకు మచ్చలు లేస్తాయి. దీనికి కారణం జాంథోమొనాస్ జాతికే చెందిన మరో బాక్టీరియా. లేత ఆకుల పొరల మధ్య తెల్లని వంకరగీతలు గీస్తూ తొలిచే ఒక చిన్న పురుగు ఉంది. అది తొలిచిన ప్రతి గీతా బాక్టీరియాకు రాచబాట. వేప కషాయం ఆ పురుగును తగ్గిస్తే గాయాలు తగ్గుతాయి. గాయాలు తగ్గితే గజ్జి తగ్గుతుంది. వేప ఇక్కడ బాక్టీరియాతో యుద్ధం చేయకుండానే దాని దారి మూసింది.

వరిలోనూ వేపకు ఇలాంటి చాటు సాయం ఒకటి ఉంది. నత్రజని ఎక్కువైన పైరు ముదురాకుపచ్చగా, మెత్తగా పెరిగి ఎండాకు తెగులుకు సులభంగా లొంగుతుంది. యూరియా నేలలో అమ్మోనియాగా, తరువాత నేల బాక్టీరియాల వల్ల నైట్రేటుగా మారుతుంది. యూరియా గింజకు వేపనూనె పూత పూస్తే ఈ రెండో మార్పు నెమ్మదిస్తుంది, నత్రజని నిదానంగా అందుతుంది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో 1970ల నుంచి ఈ విషయంపై పరిశోధనలు జరిగాయి. 2015లో దేశంలో తయారయ్యే యూరియా అంతటికీ వేప పూత తప్పనిసరి చేశారు. మీ ఇంట్లో ఉన్న యూరియా బస్తా మీద వేప గుర్తు ఉందేమో వెతకండి.

పళ్ళెంలో గెలుపు, పొలంలో పరీక్ష

ప్రయోగశాలలో ఒక ఆకు రసం బాక్టీరియాను అణచగలదో లేదో ఎలా పరీక్షిస్తారు? గాజుపళ్ళెంలో జెల్లీవంటి ఆహారం పోసి దాని మీద బాక్టీరియాను పరుస్తారు. రసంలో ముంచిన చిన్న కాగితపు బిళ్ళను మధ్యలో పెడతారు. మర్నాటికి పళ్ళెమంతా బాక్టీరియా పెరిగి, బిళ్ళ చుట్టూ మాత్రం ఖాళీ వలయం మిగిలితే రసానికి శక్తి ఉన్నట్టు. వలయం ఎంత పెద్దదైతే శక్తి అంత ఎక్కువ. ఈ పరీక్షలో నెగ్గిన మొక్కలు చాలా ఉన్నాయి. కాని పొలంలో నెగ్గినవి కొన్నే. ఎందుకు?

మళ్ళీ లెక్క వేద్దాం. ఎకరం అంటే సుమారు 4,000 చదరపు మీటర్లు. బాగా ఎదిగిన వరిలో ఆకులన్నీ పరిస్తే నేలకు ఐదురెట్లు, అంటే 20,000 చదరపు మీటర్లు కావచ్చు. ఎకరానికి 200 లీటర్ల కషాయం చల్లితే ఒక చదరపు మీటరు ఆకుకు దక్కేది 10 మిల్లీలీటర్లు. అంటే రెండు చిన్న చెంచాలు! అందులోనూ కొంత నేలమీదికి జారిపోతుంది. వరి ఆకు మీద మైనపు పొర ఉండడం వల్ల నీటిచుక్క నిలవదు. మిగిలినదాన్ని ఎండ విరగ్గొడుతుంది, వాన కడిగేస్తుంది. అల్లిసిన్ వంటివి తమంతట తామే కొద్దికాలంలో చెడిపోతాయి. ఇన్నీ దాటినా శత్రువు ఉండేది ఆకు మీద కాదు, లోపల నీటిగొట్టంలో. పళ్ళెంలో బాక్టీరియా, మందు ఎదురెదురుగా ఉన్నాయి. పొలంలో వాటి మధ్య గోడ ఉంది.

మరి పొలంలో గెలిచిన ఉదాహరణ లేదా? ఉంది. టమాటాకు వడలు తెగులు తెచ్చే బాక్టీరియా నేలలో ఉంటుంది. అమెరికాలోని ఫ్లోరిడాలో శాస్త్రవేత్తలు నాట్లకు ముందు మట్టిలో థైమాల్ కలిపి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పి కొన్ని రోజులు ఉంచారు. తరువాత టమాటా నాటారు. వడలు తెగులు తగ్గిందని 2005లో ప్రచురించారు. ఇక్కడ గెలుపుకు కారణం గమనించారా? శత్రువు మట్టిలో ఉండగానే, మొక్కలోకి పోకముందే మందు అందింది. పట్టా కప్పడం వల్ల ఆవిరి బయటికి పోలేదు, ఎండా వానా తగలలేదు. మంచి మందు ఉంటే చాలదు, అది సరైన సమయంలో సరైన చోటికి చేరాలి.

ఇందువల్ల ఎండాకు తెగులు విషయంలో కషాయం ముందుజాగ్రత్తే కాని పొలమంతా ఎండిపోయాక బతికించే సంజీవని కాదు. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఈ తెగులుకు 3 శాతం వేపనూనె గాని 5 శాతం వేపగింజల కషాయం గాని పిచికారీ చేయమంటుంది. 5 శాతం కషాయం ఇలా చేస్తారు. 5 కిలోల వేపపప్పు పొడిని 10 లీటర్ల నీటిలో రాత్రంతా నానబెట్టి, గుడ్డతో వడగట్టి, మొత్తం 100 లీటర్లయ్యేలా నీరు కలుపుతారు. ఆకుకు పట్టేందుకు కాస్త సబ్బుపొడి వేస్తారు. సాయంత్రం పూట చల్లితే ఎండకు చెడకుండా ఎక్కువసేపు నిలుస్తుంది. కషాయం ఏ రోజుది ఆ రోజే వాడాలి.

మొక్క లోపలే మందు

గోడ అడ్డం అయినప్పుడు మందును గోడ లోపలే తయారుచేయిస్తే? ఈ ఆలోచన మన హైదరాబాదులోనే ఫలించింది. సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధనా సంచాలక కార్యాలయం (ఇప్పటి భారత వరి పరిశోధనా సంస్థ) కలిసి సాంబ మసూరిలోకి ఎండాకు తెగులును తట్టుకునే మూడు వరి జన్యువులను సంకరణం ద్వారా తెచ్చాయి. 2008లో 'ఇంప్రూవ్డ్ సాంబ మసూరి' విడుదలైంది. పుప్పొడి మార్చి సంకరం చేయడం పాత పద్ధతే. అయితే ఏ పిల్లమొక్కలోకి ఏ జన్యువు చేరిందో డీఎన్ఏ పరీక్షతో చూసి ఎంచుకోవడం కొత్త.

ఆ మూడింటిలో ఒకటి ఎక్స్ఏ 21. ఇది ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది. కణం బయట కావలివాడిలా నిలబడి బాక్టీరియాను ఆనవాలు పడుతుంది, మొక్క రక్షక రసాయనాలను నిద్రలేపుతుంది. రెండోది ఎక్స్ఏ 13. చక్కెర తలుపు కథ గుర్తుందా? ఈ జన్యువు ఉన్న వరిలో ఆ తలుపు తాళం మారిపోయి ఉంటుంది. దొంగ దగ్గర ఉన్న చెవి పట్టదు. మూడోది ఎక్స్ఏ 5. బాక్టీరియా ఎక్కించిన ప్రోటీన్లు మొక్క యంత్రాంగాన్ని వాడుకోకుండా ఇది అడ్డుపడుతుంది. ఒక్క జన్యువైతే బాక్టీరియా త్వరలోనే దాన్ని దాటే ఉపాయం కనుక్కుంటుంది. మూడింటినీ ఒకేసారి దాటడం దానికి చాలా కష్టం. గింజ నాణ్యత మాత్రం పాత సాంబ మసూరిదే.

దీంతో పాటు ఖర్చు లేని జాగ్రత్తలు ఉన్నాయి. నారు కొసలు తుంచకూడదు. యూరియా ఒకేసారి కుమ్మరించకుండా మూడు దఫాలుగా వేయాలి. తెగులు కనిపిస్తే నత్రజని వేయడం ఆపి, మడిలో నీరు తీసి ఆరగట్టాలి. తెగులు సోకిన మడి నీటిని పక్క మడిలోకి వదలకూడదు. గట్ల మీద గడ్డి తీసేయాలి. ఆ గడ్డిలోనూ బాక్టీరియా దాక్కుంటుంది.

మీరు చేయగల పని

ఆకు పసుపైన ప్రతిసారీ ఎండాకు తెగులే అనుకోకూడదు. జింకు లోపం వల్ల కూడా ఆకులు రంగు మారతాయి. జింకు లోపానికి బాక్టీరియా మందు, బాక్టీరియాకు జింకు చల్లితే డబ్బు దండగ, పైరూ దక్కదు. తేడా కనిపెట్టే పరీక్ష మీ చేతుల్లోనే ఉంది.

పసుపు, పచ్చ కలిసే చోటు ఉండేలా తెగులు ఆకును ఐదారు సెంటీమీటర్ల ముక్కగా కత్తిరించండి. గాజుగ్లాసులో తేటనీరు పోసి ముక్క కోసిన అంచును అందులో ముంచి కదపకుండా పట్టుకోండి. కొద్ది నిమిషాలు ఆగి వెలుతురుకు ఎదురుగా చూడండి. కోసిన అంచు నుంచి పలచని పాలధారలాంటిది నీటిలోకి దిగుతూ కనిపిస్తే అది బాక్టీరియా తెగులే. ఆ ధారలో లక్షల కొద్దీ బాక్టీరియాలు ఉంటాయి. మరో గ్లాసులో ఆరోగ్యంగా ఉన్న ఆకుతో ఇదే పని చేయండి. నీరు తేటగా ఉండాలి. ఈ బాక్టీరియా మనుషులకు జబ్బు చేయదు. అయినా చేతులు కడుక్కోండి, గ్లాసు నీరు పొలంలో పారబోయకండి.

వేప కషాయం పనిచేస్తుందా లేదా అని తేల్చుకోవాలంటే ఇంకో ప్రయోగం ఉంది. ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి, ఒకే రకం వరి ఉన్న మడిలో సమానమైన మూడు చిన్న ముక్కలు గుర్తు పెట్టుకోండి. ఒకదానికి పెద్దవాళ్ళతో కషాయం చల్లించండి. రెండోదానికి సబ్బు కలిపిన నీరు మాత్రమే, మూడోదాన్ని అలాగే వదలండి. సబ్బునీరు ఎందుకంటారా? తెగులు తగ్గితే అది వేప వల్లనో, సబ్బు వల్లనో తెలియాలి కదా! ప్రతి వారం ఒక్కో ముక్కలో 20 దుబ్బుల్లో తెగులు ఆకులు లెక్కపెట్టి నోటుపుస్తకంలో రాయండి. మూడు నాలుగు చోట్ల ఇలాగే చేసి పోల్చండి. ఒక్క చోట వచ్చిన ఫలితం గాలివాటం కావచ్చు. నాలుగు చోట్లా ఒకే ఫలితం వస్తే అప్పుడు నమ్మవచ్చు. ఫలితం వేపకు వ్యతిరేకంగా వచ్చినా దాచకుండా రాయండి. ఎవరో చెప్పారని కాకుండా లెక్క చూసి చెప్పేదే విజ్ఞానం.

ఆ పుస్తకం పట్టుకుని కంపాసాగర్‌లోని కృషి విజ్ఞాన కేంద్రానికో, గడ్డిపల్లిలోని కేంద్రానికో వెళ్తే అక్కడి శాస్త్రవేత్తలు మీ అంకెలు చూసి సందేహాలు తీరుస్తారు. ఈ వానాకాలం గాలివాన వెలిసిన తరువాత వారం రోజులు ఆగి, ఒక గాజుగ్లాసు, తేటనీరు తీసుకుని పొలం గట్టు మీదికి వెళ్ళండి. మందు కొనాలా, కషాయం కాయాలా, నీరు తీయాలా అన్నది ఆ తరువాతి మాట. ముందు తెగులు ఏదో తెలుసుకోవాలి.